ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ హత్యాకథ: ముగింపును గూర్చి యొక చదువరి విచారము

అపరాధ పరిశోధక నవల ముగింపును చదువనివారికి ముందుగా జెప్పివేయుట మర్యాద గాదని లోకమున నొక కట్టుబాటు గలదు. ఆ కట్టుబాటును నేనిప్పుడు మీరబోవుచున్నాను. అగాథా క్రిస్టీ రచించిన "మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్" అను నవలను ఇంకను జదువనివారు ఈ వ్యాసమును ప్రక్కనబెట్టి ముందు ఆ గ్రంథమును చదువుకొనుట మంచిది. అది 1934వ సంవత్సరము జనవరి నెలలో లండనునందు వెలువడిన పుస్తకము. తొంబదియేండ్లు దాటిన కథకు ఇంకను రహస్యమేమున్నదని కొందరందురు. నేను చెప్పదలచిన మాటలు ఆ రహస్యమును గూర్చినవి కావు. రహస్యము విడిపోయిన పిమ్మట ఒకటి రెండు పుటలలో ముగిసిపోయిన యొక తీర్పును గూర్చినవి.

కథ సంగ్రహముగా నిది. ఇస్తాంబూలు నుండి కాలే రేవునకు బోవు రైలుబండి యుగోస్లావియా దేశమున విన్కోవ్చి, బ్రాడ్ అను స్టేషనుల నడుమ మంచులో జిక్కుకొనినది. ఆ రాత్రియే రాచెట్ అను అమెరికా ధనికుడు గొలుసు వేసియున్న తన గదిలో పండ్రెండు కత్తిపోట్లతో చచ్చిపడియుండెను. అదే పెట్టెలో ప్రయాణము చేయుచున్న బెల్జియము దేశపు పరిశోధకుడు హెర్క్యూల్ పొయిరోను, రైలు కంపెనీ డైరెక్టరగు బూక్ అనునతడు విచారణ జరుపుమని కోరెను. చచ్చినవాని నిజమైన పేరు కాసెట్టి యని తేలినది. కొన్నియేండ్ల క్రిందట అమెరికాలో డైసీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను మూడేండ్ల బాలికను ఎత్తుకొనిపోయి, చంపి, తల్లిదండ్రులవద్ద రెండులక్షల డాలర్లు రాబట్టిన ముఠాకు వాడు నాయకుడు. గర్భవతియైన తల్లి మృతశిశువును గని తానును మరణించినది. తండ్రి తుపాకితో కాల్చుకొని చచ్చెను. పోలీసుల యనుమానమునకు గురియైన యొక ఫ్రెంచి దాది కిటికీనుండి దూకి ప్రాణము విడిచినది. ఆమె నిరపరాధిని యని తరువాత రుజువైనది. కాసెట్టి మాత్రము ధనబలముచేతను, చట్టములోని యొక చిన్న లోపముచేతను విడుదలయయ్యెను.

ఆ పెట్టెలోని ప్రయాణికులందరును ఆ కుటుంబమునకు సంబంధించినవారే. అమ్మమ్మ, పినతల్లి, వంటమనిషి, కారు నడపువాడు, చదువు చెప్పిన యువతి, తండ్రికి యుద్ధములో స్నేహితుడైన కర్నలు, తుదకు టికెట్లు చూచు కండక్టరు సైతము, చచ్చిపోయిన యా దాదికి కన్నతండ్రి. వారిలో పండ్రెండుమంది తలకొక పోటు పొడిచిరి. పొయిరో వారి నందరిని భోజనశాల పెట్టెలో గూర్చుండబెట్టి రెండు సమాధానములు వినిపించెను. ఎవడో పగవాడు కండక్టరు వేషముతో బండియెక్కి, హత్యచేసి, విన్కోవ్చిలో దిగిపోయెననునది మొదటిది. రెండవది యథార్థము. ఈ రెంటిలో నేది పోలీసులకు జెప్పవలెనో నిర్ణయింపుమని బూక్‌ను, డాక్టరు కాన్‌స్టంటైనును అతడడిగెను. వారు మొదటిదానినే యెంచుకొనిరి. తన పని ముగిసినదని పొయిరో సెలవు పుచ్చుకొనెను. అంతటితో గ్రంథము సమాప్తము.

ఈ ముగింపుమీద మొదటినుండియు వినవచ్చు నాక్షేపణ వేరు. అనుమానితులలో నొక్కడు దోషి యగుట ఆట నియమము గదా, అందరును దోషులైనచో చదువరిని మోసగించినట్లే యని కొందరనిరి. రేమండ్ చాండ్లర్ 1944లో వ్రాసిన వ్యాసమున, ఈ సమాధానమును చురుకైన బుద్ధిగలవా డెవ్వడును ఊహింపజాలడనియు, మందమతికే అది తోచుననియు వెక్కిరించెను. నాకీ యాక్షేపణ నిలువదనిపించును. అన్ని దేశములవారును అన్ని అంతస్తులవారును ఒక్కచోట గూడియుండుట అమెరికాలోని యొక పెద్ద గృహమునందు దప్ప మరెక్కడను సాధ్యము గాదని పొయిరో పలుమారు తలపోయును. శీతకాలమున పెట్టె నిండియుండుటయే వింతయని మొదటనే చెప్పబడినది. కొన్ని పోట్లు లోతైనవి, కొన్ని గీరినట్లున్నవి, కొన్ని ఎడమచేతివి, కొన్ని చచ్చిన తరువాత పడినవి యని డాక్టరు బిగ్గరగా జెప్పుచునే యుండును. ఇంతకంటె న్యాయముగా ఆధారములను చదువరి యెదుట బరచిన రచన అరుదు. మోసమేదైనను ఉన్నచో అది చిక్కుముడిలో లేదు.

ఇరువదియేండ్ల ప్రాయమున నేనీ పుస్తకమును మొదటిసారి ఒక్క రాత్రిలో జదివి, తృప్తితో మూసి, దిండుక్రింద బెట్టుకొని నిద్రపోయితిని. మొన్న రెండవసారి చదివినపుడు ఆ నిద్ర పట్టలేదు. కారణము వెదకుచు గ్రంథము మొదటికి బోయితిని. ఇస్తాంబూలులోని హోటలునందు రాచెట్ కనబడిన క్షణముననే, ఇతడు మనుష్యుడు కాడు, కట్టుబట్టలు ధరించిన క్రూరమృగమని పొయిరో భావించును. పిదప రైలులో ఆ రాచెట్టే, తన ప్రాణమునకు అపాయమున్నదనియు, కాపాడిన ఇరువదివేల డాలర్లిచ్చెదననియు వేడుకొనగా, నీ ముఖము నాకు నచ్చలేదని పొయిరో త్రోసిపుచ్చును. అప్పటికి రాచెట్ చేసిన పాపమేదియు పొయిరోకు దెలియదు. చంపబడుదునని చెప్పుకొన్న మనుష్యుని ముఖము చూచి తీర్పు చెప్పెను. ఆ రాత్రియే వాడు చచ్చెను. పొయిరో మనస్సులో నొక్క ముల్లైనను గ్రుచ్చుకొనలేదు. చదువరికిని గ్రుచ్చుకొనదు. ఏలయన రచయిత్రి మన తీర్పును ముప్పదవ పుట దాటకముందే మనచేత వ్రాయించుకొన్నది. కడపట బూక్ చేసిన నిర్ణయము మనము ముందే చేసినదానికి నకలు మాత్రమే.

ఇక పండ్రెండు అను సంఖ్య. ఇది జ్యూరీ యని గ్రంథమే చెప్పుచున్నది. కర్నల్ ఆర్బత్నాట్ నడుమ నొకచోట, కార్సికావారివలెను మాఫియావారివలెను పగలు దీర్చుకొనుటకంటె జ్యూరీ విచారణయే మేలైన పద్ధతియని పొయిరోతో వాదించును. తుదకు ఆయన చేతిలోను కత్తియుండెనని తెలిసినపుడు ఆ మాటకు మరియొక యర్థము వచ్చును. చమత్కారము చక్కనిదే. కాని జ్యూరీకి గౌరవమెందువలన వచ్చినది? సంఖ్యచేత గాదు. చచ్చినవానికిగాని, చంపినవానికిగాని సంబంధము లేని పండ్రెండుగురు, ఇరువైపుల వాదము విని, సందేహమున్నచో విడిచిపెట్టుటచేత. ఈ రైలులోని పండ్రెండుగురును బాధితుల బంధువులు, సేవకులు, స్నేహితులు. ముద్దాయికి మత్తుమందిచ్చి నిద్రబుచ్చిరి. వాని పక్షమున మాటాడువాడు లేడు. వీరు తామే ఫిర్యాదులు, తామే న్యాయాధిపతులు, తామే తలారులు. (మన దేశమున క్రిమినలు కేసులలో జ్యూరీ పద్ధతి 1973 నాటి శిక్షాస్మృతి విధానముతో అంతరించినది. కాబట్టి ఈ సంఖ్యలోని గాంభీర్యము మనకిప్పుడు పుస్తకములద్వారానే తెలియవలెను.)

ఆ పండ్రెండుగురును చీకటిలో నొకరి తరువాత నొకరు పొడిచిరి. ఎవరి పోటుచే వాడు చచ్చెనో ఎవరికిని దెలియరాదని యట్లేర్పరచుకొనిరి. ఈ యేర్పాటును జదివి చాలమంది మెచ్చుకొందురు. నాకు మాత్రమిది ఆ గ్రంథమంతటిలోను మిక్కిలి సత్యమైన చోటుగను, మిక్కిలి భయంకరమైన చోటుగను తోచినది. తుపాకులతో కాల్చి చంపు సిపాయిలలో నొకనికి మందు మాత్రమే కూరిన తుపాకి నిచ్చుట కొన్నిచోట్ల ఆచారము; ప్రతివాడును తన తుపాకియే అదియని యనుకొనుటకు వీలుగా నుండును. మేము చేసినది ధర్మమేయని నమ్మినవారికి ఈ మరుగు దేనికి? నమ్మకము పూర్ణమైనదైనచో అమ్మమ్మ యొక్కతెయే చాలును. నిజమునకు ఆమె కడపట ఆ మాటయే యన్నది: నేరమంతయు నామీద వేయుడు, తక్కినవారిని విడువుడు అని. లిండా ఆర్డెన్ అను ఆ ముసలినటి పలికిన ఆ వాక్యములలో పండ్రెండుగురిలో నెవ్వరికిని లేని ధైర్యమున్నది. దానిని రచయిత్రి యెత్తి, మరల క్రింద బెట్టివేసినది. ఆమె ఇచ్చిన మాటను పుచ్చుకొనుటకు గూడ నచట నెవ్వరును సాహసింపలేదు.

ఈ కథకు మూలమైన వాస్తవమును గూర్చి కొంత చెప్పవలెను. 1932 మార్చి 1వ తేదీన, అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా విమానముపై దాటి ప్రఖ్యాతి గాంచిన చార్లెస్ లిండ్‌బర్గ్ యొక్క ఇరువది నెలల కుమారుని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున వారి యింటినుండియే ఎత్తుకొనిపోయిరి. ఏబదివేల డాలర్లు చెల్లించిరి. మే నెలలో బిడ్డ శవము దొరికినది. ఆ బిడ్డ మాతామహి యింట పనిచేయుచున్న యొక ఆంగ్లేయ పరిచారిక, పోలీసులు మరల ప్రశ్నింపబోవుచుండగా విషము త్రాగి చచ్చినది. ఆమెకు నేరముతో సంబంధము లేదని తరువాత దేలెను. నవలలోని దాది ఎక్కడనుండి వచ్చినదో దీనివలన దెలియును.

ఇచట తేదీలను గమనింపవలెను. నవల 1933 శరత్తునందే అమెరికాలోని యొక వారపత్రికలో ప్రకటింపబడి, 1934 జనవరిలో పుస్తకమైనది. లిండ్‌బర్గు బిడ్డను జంపినాడను నేరమునకు బ్రూనో హాప్ట్‌మన్ అను జర్మను వడ్రంగి పట్టుబడినది 1934 సెప్టెంబరులో. అనగా క్రిస్టీ యీ కథను వ్రాయునాటికి దోషి యెవడో లోకమున నెవ్వరికిని దెలియదు. దోషి తెలియని దుఃఖమునకు ఆమె యొక దోషిని కల్పించి యిచ్చినది. వానికి ధనమునిచ్చినది, క్రూరమైన చూపునిచ్చినది, నిశ్చయమైన పాపమునిచ్చినది. లోకము అడిగినది అదియే. ఆ పుస్తకము ఆనాడు ఎందుకంత హాయిగా నుండెనో నాకిప్పుడు బోధపడుచున్నది. హాప్ట్‌మన్ 1936 ఏప్రిల్ 3వ తేదీన విద్యుదాఘాతముచే చంపబడెను. తాను నిర్దోషినని చివరివరకు చెప్పుచునే యుండెను. వానియొద్ద విడుదల సొమ్ములోని నోట్లు దొరకినమాట నిజము. ఐనను వాడొక్కడే చేసెనా, అసలు చేసెనా యని నేటివరకును గ్రంథములు వెలువడుచునే యున్నవి. కోర్టు, సాక్షులు, వకీళ్లు, అప్పీళ్లు గల కేసులోనే యింత సందేహము మిగిలినపుడు, రైలుపెట్టెలోని పండ్రెండుగురకు సందేహము లేకపోవుట రచయిత్రి యిచ్చిన వరము. కాసెట్టియే చేసెనని మనకెట్లు తెలియును? పొయిరో చెప్పెను గనుక. పొయిరోకెట్లు తెలియును? పత్రికలలో జదివెను గనుక. కాసెట్టి నోట ఒక్క ఒప్పుకోలు మాటయైనను రాదు.

ఈ శంక రచయిత్రికిని గలిగియుండునా? కలిగెననియే నేననుకొందును. అయిదేండ్ల తరువాత, 1939లో, ఆమె మరియొక నవల వ్రాసెను. చట్టమునకు జిక్కని పదిమంది యొక దీవికి రప్పింపబడి యొకరి తరువాత నొకరు చత్తురు. చంపినవాడు ఆ పదిమందిలోనే యొకడగు విశ్రాంత న్యాయాధిపతి. ఎత్తుగడ యథాతథముగా పాతదే: చట్టము విడిచిపెట్టిన దోషులు, చట్టము వెలుపల శిక్ష. కాని ఈసారి శిక్షించువానికి దుఃఖము లేదు, బంధుత్వము లేదు. చంపుటయందు తనకు చిన్నతనమునుండియు ఆనందము గలదని తానే వ్రాసి చచ్చును. ఒక్కడు చేసినపుడు ఉన్మాదమైనది పండ్రెండుగురు చేసినపుడు ధర్మమెట్లయ్యెనో ఆమె చెప్పలేదు. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన నుంచుకొన్న చదువరియే అడుగవలసియున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున వ్రాసి దాచియుంచి 1975లో ప్రకటించిన పొయిరో కడపటి కథలో, చట్టమునకు అందని యొక దుర్మార్గుని పొయిరోయే స్వహస్తముతో చంపును. పిమ్మట తన గుండెజబ్బు మందును దూరముగా నుంచుకొని మరణించును. తాను చేసినది సరియో కాదో తనకు తెలియదని వ్రాసిపెట్టును. మంచుబండిలో అంత సులభముగా సెలవు పుచ్చుకొన్న మనుష్యుడు ఇతడేనా యని యాశ్చర్యము గలుగును. 2010లో ఇంగ్లండున టెలివిజనుకొరకు ఈ కథను దీసినవారు, తుదిని పొయిరోచే జపమాల పట్టించి కంటనీరు పెట్టించిరి. మూలమున ఆ కన్నీరు లేదు. లేకుండుటయే నిజాయితీ యని కొందరు విమర్శకులందురు. ఆ కన్నీటి యవసరము మూలములోనే యున్నదని నాకు తోచును.

మనకిది పరదేశపు వినోదకథ యని త్రోసివేయుటకు వీలులేదు. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారున నొక యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరమును మన మెరుగుదుము. డిసెంబరు 6వ తేదీ వేకువను, ఆ నేరమున నిందితులైన నలుగురును పోలీసుల యధీనముననుండగానే చటాన్‌పల్లి యొద్ద కాల్చబడి చచ్చిరి. ఆత్మరక్షణార్థము కాల్చితిమని పోలీసులు చెప్పిరి. జనులు పోలీసులపై పూలు జల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము 2022లో, ఆ కాల్పులు చంపవలెనను నుద్దేశముతో జరిగినవని తేల్చి, పదిమంది పోలీసులపై హత్యానేరము విచారింపవలెనని చెప్పినది. ఆ పూలు జల్లిన చేతులు దుర్మార్గుల చేతులు గావు. బిడ్డలున్న తల్లులు, చెల్లెళ్లున్న అన్నలు. కోర్టులలో ఏండ్లతరబడి నడచు కేసులను జూచి విసిగినవారు. వారి విసుగును నేను తప్పుపట్టజాలను. ఇరువదియేండ్ల ప్రాయమున ఆ నవలను మూసి హాయిగా నిద్రించిన నాకు వారిని తప్పుపట్టు నర్హత యెక్కడిది? కాని ఆ నలుగురి విషయమున విచారణ అను పుటలు చినిగిపోయినవి. వారు దోషులో కారో న్యాయస్థానము పలుకు మాట మన మెన్నడును వినబోము. నవలలోనైనచో పొయిరో చెప్పినమాట మనకు ప్రమాణము. బయట పొయిరో లేడు.

ఐనచో పొయిరో ఏమి చేయవలసియుండెను? పండ్రెండుగురిని యురికంబమునకు పంపవలసినదా యని యడుగుదురు. ఈ ప్రశ్న సులభమైనది కాదు. బిడ్డను పోగొట్టుకొన్న యింటివారిని మరల చంపించుటకు నా మనస్సును ఒప్పుకొనదు. శిక్షను దగ్గించు కరుణ న్యాయస్థానమునకును గలదు; ఆ దుఃఖమును విని కరగని న్యాయాధిపతి యుండునా? కాని ఆ కరుణను పొందుటకు ముందు నిజము చెప్పవలెను. గ్రంథమున జరిగినది కరుణ గాదు, అబద్ధము. అదియు ఎవరు తీర్మానించిరి? హత్యాప్రసిద్ధిచే తన కంపెనీకి చెడ్డపేరు వచ్చునని మొదటనే బెదరిన డైరెక్టరొకడు. మొదటినుండియు యుగోస్లావియా పోలీసులు వచ్చిన చిక్కులు గలుగునని వారికి భయమే గాని, ఆ దేశపు మంచులో ఆ దేశపు పట్టాలమీద జరిగిన హత్యను విచారించు హక్కు ఆ దేశమువారికి గలదన్న తలంపు ఆ పెట్టెలో నెవ్వరికిని రాలేదు. పరాయిప్రభుత్వమున చిరకాలముండిన మనవంటివారికి ఈ చిన్న సంగతి కొంచెము గట్టిగానే కంటబడును.

అన్నిటికంటె నన్ను మేల్కొలిపినది మరియొక చిన్న సంగతి. మొదటి సమాధానము గాలిలో నిలువదు. దానికొక మనుష్యుడు కావలెను. ఆ మనుష్యుని రూపమును పండ్రెండుగురు ముందుగానే కల్పించియుంచిరి. హార్డ్‌మన్ అను డిటెక్టివు చెప్పినదానిబట్టి రాచెట్ పగవాడు పొట్టివాడు, నల్లనివాడు, ఆడుగొంతువాడు. వాడు విన్కోవ్చిలో దిగి పారిపోయెను. బూక్, డాక్టరు, పొయిరో ముగ్గురును ఆ వర్ణననే పోలీసులకు జెప్ప నిశ్చయించిరి. చేయని నేరమునకు అనుమానింపబడి కిటికీనుండి దూకిన దాదికొరకు కంటనీరు పెట్టుకొన్న పుస్తకమిది. ఆమె తండ్రియే ఆ రాత్రి కత్తిపట్టిన కండక్టరు. ఆమెను ప్రేమించినవాడే హార్డ్‌మన్. నేరముకంటె నిరపరాధులే తనకు ముఖ్యమని క్రిస్టీ తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నది. ఆమెమాట అబద్ధమని నేననను. కాని మంచు తొలగి, బండి బ్రాడ్ స్టేషను చేరినపుడు, అచటి పోలీసు అధికారి తన పుస్తకము తెరచి, పొట్టివాడు, నల్లనివాడు, ఆడుగొంతువాడు అని వ్రాసికొనును. మరునాడు విన్కోవ్చికి మనుష్యులను బంపును. ఆ ఊరి స్టేషనులో మంచు త్రవ్వు కూలివాడో, లాంతరు పట్టుకొని పట్టాల వెంట దిరుగు వాడో, పొట్టిగా, నల్లగా, సన్నని గొంతుతో నొక్కడుండకపోడు. ఆ రాత్రి యెక్కడనుంటివని వానిని బిలిచి యడుగుదురు. వానిని గూర్చి ఆ పుస్తకములో నొక్క వాక్యమైనను లేదు.